పైలట్ కొలువు: ముందు మెడికల్, తర్వాతే అప్పు
కడపకు 2015లో, కర్నూలు పక్కన ఓర్వకల్లుకు 2021లో విమానాలొచ్చాయి. 2023లో ఇండిగో 500, ఎయిరిండియా 470 విమానాల కొనుగోలు ప్రకటించాయి. దాంతో మన కుర్రాళ్ల చూపు కాక్‌పిట్‌పై పడింది. కానీ మెలిక ఇక్కడే ఉంది. కొరత ఎక్కువగా అనుభవమున్న కెప్టెన్లకే. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి, 200 గంటలు విమానం నడిపి సీపీఎల్ తెచ్చుకున్నా కో-పైలట్ సీటుకు గ్యారంటీ లేదు. టైప్ రేటింగ్‌కు మళ్లీ లక్షలు పోయాలి. అందుకే పొలం తాకట్టు పెట్టకముందే డీజీసీఏ క్లాస్-2, క్లాస్-1 మెడికల్ పరీక్షలు పూర్తి చేసుకోండి. ఫ్లయింగ్ స్కూల్లో కోర్సు నిజంగా ఎన్ని నెలలకు ముగుస్తోందో పాత విద్యార్థుల్ని అడగండి. మెడికల్‌లో ఆగిపోయినా దిగులొద్దు. అదే ఎంపీసీతో విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ వైపు వెళ్లొచ్చు.