తల్లి ప్రాణానికి చట్టం అడ్డు కాదు

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, గద్వాల ప్రాంతానికి చెందిన 20 ఏళ్ల నిండు గర్భిణిని గద్వాల నుండి మహబూబ్‌నగర్‌కు, అక్కడి నుండి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు పంపించారు. రాజధానిలోనూ ఆసుపత్రి నుండి ఆసుపత్రికి తిప్పారు. చివరకు బిడ్డా దక్కలేదు, తల్లీ దక్కలేదు. హైకోర్టు ఈ విషయాన్ని విచారణకు స్వీకరించింది. అప్పటికి మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడి నాలుగేళ్లు కావస్తున్నది.

నెలలు నిండక ముందే ప్రమాదం ముంచుకొస్తే ఈ జాప్యం మరింత ప్రాణాంతకమవుతుంది. ఆగని రక్తస్రావం, ఉమ్మనీరు ముందే పోయి ఇన్ఫెక్షన్ సోకడం, గర్భసంచి వెలుపల గర్భం నిలవడం వంటి స్థితిలో గర్భాన్ని తొలగించడమే తల్లిని దక్కించే మార్గం కావచ్చు. 2012లో ఐర్లండ్‌లో సవితా హలప్పనవర్‌కు ఆ చికిత్స సకాలంలో అందలేదు, ఆమె మరణించారు. అక్కడ ఆనాటి చట్టం అడ్డుపడింది. మన దేశంలో ఆ అడ్డు లేదు.

1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం, తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమని ఒక్క నమోదిత వైద్యుడు సద్బుద్ధితో భావిస్తే చాలు. వారాల పరిమితి గాని, రెండవ వైద్యుని అభిప్రాయం గాని అవసరం లేదు. వయోజన స్త్రీ విషయంలో ఆమె సమ్మతి చాలు; భర్త సంతకాన్ని చట్టం కోరదు. అత్యవసర చికిత్స వైద్యుని విధి అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది.

షరీఅత్ మాటేమిటని కొందరు సోదరులు మమ్ములను అడుగుతుంటారు. ప్రాణరక్షణ షరీఅత్ మూల లక్ష్యాలలో ఒకటి. 120 రోజులు నిండిన గర్భాన్ని తొలగించరాదన్న మక్కా ఇస్లామీ ఫిఖ్ మండలి సైతం, తల్లి ప్రాణానికి ముప్పు ఉన్నదని నమ్మకమైన వైద్యులు నిర్ధారించినప్పుడు అనుమతి ఉన్నదని 1990లో స్పష్టం చేసింది.

కార్యాలయాలలో కాగితాల నడుమ బతుకు గడిపిన మాకు ఒక సంగతి తెలుసు: నోటిమాటకు జవాబుదారీ ఉండదు. కనుక పై ఆసుపత్రికి పొమ్మన్నప్పుడు కారణం, సమయం, వైద్యుని సంతకంతో కూడిన కాగితం అడగండి. ప్రాథమిక చికిత్స చేసి, అంబులెన్సులోనే పంపమని పట్టుబట్టండి. మస్జిద్ కమిటీలు రక్తదాతల ఫోన్ నంబర్ల పట్టికను సిద్ధంగా ఉంచాలి. దేవరకొండ, అచ్చంపేట వంటి చోట్ల రాత్రివేళ సైతం ప్రసూతి వైద్యురాలు, మత్తు డాక్టరు, రక్తనిల్వ ఉండేలా ప్రజాప్రతినిధులను నిలదీయాలి.

జనాజాకు వందలాదిగా కదిలే మనం, ఆమె ఊపిరితో ఉన్నప్పుడు నలుగురమైనా ఆసుపత్రి గుమ్మం వద్ద నిలబడాలి.