తంబుర పట్టిన పింజారి



ఈ నెల మేము తలచుకొంటున్న మనిషి మన సంఘస్థుడు కాడు. పుట్టుకచేత ముస్లిము, కులము దూదేకుల, నడిచిన దారి ఎర్రజెండా పార్టీది. అయినా మన నెల్లూరు తీరములో, పాలెములలోనూ పల్లెలలోనూ, క్రిస్మసు రాత్రులు బైబిలు కథను బుర్రకథగా విన్న కుటుంబాలు ఆయనకు కొంత ఋణపడి ఉన్నాయని మా అభిప్రాయము. ఆయన షేక్ నాజర్ గారు. బుర్రకథ పితామహుడని తెలుగువారు పిలుచుకొన్నది ఆయననే.

నాజర్ గారు 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక పేద ఇంట పుట్టారు. చిన్నతనములోనే నాటకాల్లో వేషాలు కట్టారు, సంగీతము నేర్చారు. తరువాత ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథ పట్టుకొన్నారు. పల్నాటి యుద్ధము, అల్లూరి సీతారామరాజు కథ ఆయన నోట ఊరూరా మారుమోగాయి. 1953లో వచ్చిన పుట్టిల్లు, 1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలలో ఆయన బుర్రకథ ఉన్నది. 1986లో భారత ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చింది. 1997 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అప్పటికి మేము బడి పిల్లలము. ఆయనను కళ్లారా చూడలేదు. పెద్దలు చెప్పగా విన్నదే.

ఆయన జీవితకథ పుస్తకముగా వచ్చింది. ఆయన చెప్పగా అంగడాల వెంకట రమణమూర్తి గారు వ్రాశారు. దాని పేరు ‘పింజారి’. ఆ మాటను మన ఊళ్లలో ఎలా వాడతారో మీకు తెలుసు. తిట్టుగా వాడతారు. దూది ఏకి, పరుపులు కుట్టి బ్రతికే మనుషుల కులవృత్తి పేరును తిట్టుగా మార్చిన ఘనత మనదే. పద్మశ్రీ అందుకొన్న మనిషి ఆ తిట్టునే తన పుస్తకానికి పేరుగా పెట్టుకొన్నారు. మాలపల్లె, మాదిగపల్లె అని వేరుగా నెట్టబడిన చోటనుండి వచ్చిన మన సంఘాలకు ఇందులోని ధైర్యము విడమరచి చెప్పనక్కర లేదు.

దూది ఏకే విల్లును చూసినవారు ఇంకా ఉన్నారు. పొడుగాటి కఱ్ఱకు నరముతో చేసిన నారి బిగించి, దూదిలో ఆనించి, చిన్న కొయ్యతో కొడితే ఝుమ్మని మ్రోగేది. దూది పొగలాగా లేచేది. పని ముట్టే వాద్యములాగా పలికేదన్న మాట. పడమటి దేశాలలో వడ్రంగి రంపాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, వంచి, పళ్లులేని అంచుమీద ఫిడేలు కమాను లాగుతారు. అది మనిషి గొంతులాగా పాడుతుంది. నజరేతు వడ్రంగి ఇంట కూడా రంపము ఉండియుండును గదా అని మాకొక ఆలోచన. దానిని అక్కడ ఎవరూ వాయించి ఉండరనుకోండి! చెప్పవచ్చినదేమంటే, కూలి చేసే చేతులలోకి సంగీతము బయటినుండి తెచ్చిపెట్టినది కాదు.

ఇక బుర్రకథ సంగతి. చూడని పిల్లలకోసము కొంచెము వివరముగా వ్రాస్తున్నాము. ముగ్గురు మనుషులు. మధ్యన కథకుడు, భుజాన తంబుర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు, తలకు పాగా. తంబురకున్న గుండ్రని బుర్రనుబట్టే కథకు ఆ పేరు వచ్చిందని పెద్దలంటారు. ఇరుప్రక్కల ఇద్దరు వంతలు, వారి చేతుల్లో గుమ్మెటలు. గుమ్మెట అంటే మట్టితో గాని లోహముతో గాని చేసిన కుండవంటిది, ఒకవైపు తోలు మూస్తారు. కథకుడు ముందుకు నడుస్తూ, వెనక్కు నడుస్తూ పాడతాడు, వంతలు తాళము పట్టి అందుకొంటారు. ఇద్దరు వంతలలో ఒకాయన హాస్యగాడు, రెండవ ఆయన రాజకీయము చెప్పేవాడు.

మాకు మిక్కిలి ఇష్టమైనది ఈ వంతల పని. హాస్యగాడు తెలియనివాడిలాగా అడుగుతాడు: ఇంత పెద్ద సింహము ఆ దానియేలును ఎందుకు తినలేదయ్యా, దానికి ఆకలి లేదా ఏమి? జనము నవ్వుతారు. కానీ ముందు వరుసలో చాపమీద కూర్చున్న పిల్లవాడి మనసులో ఉన్నది ఆ ప్రశ్నే. రాజకీయము చెప్పేవాడు కథను ఆపి మన ఊరిలోకి తెస్తాడు. రాజుగారి చెవిలో చాడీలు చెప్పినవారు బబులోనులోనే ఉన్నారా, మన పంచాయతీ అరుగుమీద లేరా అంటాడు. మేము ప్రసంగపీఠము మీదనుండి నలభై నిముషాలు మాట్లాడితే మధ్యలో లేచి అడిగేవారు ఒక్కరూ ఉండరు. అర్థమైనదో లేదో గుమ్మము దగ్గర కరచాలనములోనే తెలుసుకోవాలి. బుర్రకథలో అడిగే మనిషిని ప్రక్కనే నిలబెట్టుకొని చెబుతారు. వేదాంత పాఠశాలలో ఇది మాకెవరూ నేర్పలేదు.

ఇది లోకసంబంధమైన కళ, జంగాలు చెప్పిన కథ, పార్టీవాళ్లు వాడిన కథ, ఆరాధనలో దీనికి చోటేమిటి అని కొందరు సహోదరులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పార్టీ వాడిన మాట నిజము. బెంగాలు కరువులో జనము మలమల మాడి చచ్చిపోతున్నప్పుడు నాజర్ గారు ఆ ఆకలిని కథగా కట్టి చెప్పారు. పాలకులు బుర్రకథకు భయపడి నిషేధము పెట్టిన రోజులున్నాయి. ఆ పార్టీ సిద్ధాంతము మాది కాదు, దాని చర్చ ఇక్కడ వద్దు. కానీ ఆకలిగొన్నవారి మాటను పల్లెకు పాటలో మోసినందుకు ఒక వాద్యము అపవిత్రమైపోదు. మిర్యాము పట్టిన తంబుర ఐగుప్తులో చేసినది కాదని ఎవరు చెప్పగలరు? దావీదు సితారా గొఱ్ఱెల కాపరి చేతిలోనుండియే రాజుగారి ఇంటికి వెళ్లింది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరచి చూడండి, పాటపైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు ఆనాడే ఈ నేల సంగీతములో ప్రభువును స్తుతించారు. 1840లో నెల్లూరులో అమెరికను బాప్తిస్టు మిషను మొదలైన తరువాత సువార్త విన్న మన ముత్తాతలలో ఎక్కువమందికి అక్షరము రాదు. వారికి పుస్తకము చెవిలోనే ఉండేది.

మా పాస్టరేటులో సముద్రపు ఒడ్డున ఒక పాలెములో గుమ్మెట వాయించే పెద్దాయన ఉండేవారు. పగలు వల, రాత్రి గుమ్మెట. దానియేలు కథ మొదలుపెడితే తెల్లవారుజామున చుక్క పొడిచేదాకా సాగేదట. కొన్నేళ్ల క్రితము ప్రభువునందు నిద్రించారు. కొడుకులు చెన్నపట్నములో పనుల్లో ఉన్నారు. కథ కాగితము మీద ఎక్కడా లేదు. సమాధి కార్యక్రమము అయ్యాక ఇంట్లో కూర్చొని, గుర్తున్నవారు గుర్తున్నంత చెబుతున్నారు. ఒక యవ్వనస్థుడు, దానియేలు మోకరించి ప్రార్థన చేసి కిటికీ తెరిచాడు అన్నాడు. వెనక గోడకానుకొని కూర్చున్న ఆయన భార్య అప్పటిదాకా నోరు విప్పలేదు. “అది గాదు అయ్యగారా, ఆడ ముందు కిటికీ తెరిచే ఉంటాది, తర్వాతనే మోకాళ్లూనతాడు. ఆ కిటికీ కాడ గుమ్మెట రెండు దెబ్బలు ఎక్కువ పడాల” అన్నది. దానియేలు గ్రంథము ఆరవ అధ్యాయము చూడండి, ఆమె చెప్పిన వరుసే ఉన్నది. ఆమెకు చదువు రాదు. నలభై ఏళ్లు కథ వినీ వినీ వంతల మాటలన్నీ ఆమె దగ్గర ఉండిపోయాయి. ఇన్నాళ్లు ఆమెను అడిగినవారు లేరు, అంతే.

నాజర్ గారు పోయేముందు తన బ్రతుకును మరొకరికి చెప్పి వ్రాయించారు, ఎందరికో కథ నేర్పారు. కాబట్టి ఆయన పోయినా కథ నిలిచింది. మన సంఘాలలో జరుగుతున్నది వేరు. కమిటీవారు చందాలెత్తి కీబోర్డు, పెద్ద పెట్టెలు కొంటున్నారు. కొననివ్వండి, మేము అడ్డము చెప్పము, యవ్వనస్థుల ఉత్సాహము మంచిదే. కానీ మీట నొక్కితే తాళము అదే పడుతున్నది గదా అని గుమ్మెటను అటక ఎక్కించడము మాకు సమ్మతము కాదు. ఆ మీటకు కిటికీ దగ్గర రెండు దెబ్బలు ఎక్కువ వేయాలని తెలియదు.

ఆ పాలెములో ఇప్పుడు శనివారము సాయంత్రాలు ఇద్దరు ఆడపిల్లలు ఆ పెద్దమ్మ దగ్గర కూర్చొంటున్నారు. ఒకరు నోటుబుక్కులో వ్రాస్తారు, ఒకరు సెల్‌ఫోనులో పట్టుకొంటారు. సింహాల గుహదాకా వచ్చింది. మీ ఊరిలో ఎస్తేరు కథ, తప్పిపోయిన కుమారుని కథ, యోసేపు కథ చెప్పిన బుర్రకథ దళాలు ఉండేవేమో, వారి నోటుపుస్తకాలు పెట్టెల అడుగున ఉన్నాయేమో వెదకండి. చెదలు తిన్న కాగితమైనా ఫరవాలేదు, సగమే గుర్తున్నా ఫరవాలేదు. ఎవరు కథకుడు, ఎవరు వంతలు, ఏ ఊరు, ఏ సంవత్సరము అన్నది ప్రక్కన వ్రాసి పత్రిక కార్యాలయానికి పంపండి. క్రిస్మసు సంచికలో వాటికి చోటు ఇవ్వమని సంపాదకుని అడిగియున్నాము.