గీత గీశాక అడిగేది అభిప్రాయం కాదు!

మన ప్రభుత్వాలకు ఒక అలవాటుంది. ముందు గీత గీస్తాయి. తర్వాత టెంటు వేస్తాయి. టెంటు కింద నాలుగు వరసల కుర్చీలు, ఒక మైకు, ఒక సంతకాల పుస్తకం పెట్టి దానికి ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అని పేరు పెడతాయి. గీత ఎక్కడ గీయాలో అడగడానికి కాదు ఆ మైకు. గీసేశామని చెప్పడానికి. పార్టీలు మారాయి, జెండాలు మారాయి. ఈ అలవాటు మాత్రం మారలేదు.

విస్సన్నపేట లాంటి ఊరినే తీసుకోండి. మండల కేంద్రం. పంచాయతీ. చుట్టూ మామిడి తోటలు. బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, కలెక్టరు కాయ. నూజివీడు నుంచి తిరువూరు దాకా ఉన్న ఈ మెట్టలో ఎన్నో ఇళ్లకు ఆ మూడు నెలల కాపే ఏడాది బతుకు. ఇలాంటి ఊరికి ‘అభివృద్ధి’ ఏ రూపంలో వస్తుందో మనకు తెలియంది కాదు. రోడ్డు వెడల్పు, సెంటర్లో డివైడరు, కొత్త షాపింగ్ కాంప్లెక్సు, ఊరవతలికి మార్కెట్టు. వీటిలో ఏదీ పాపం కాదు. కాయల ట్రాక్టరు, బస్సు ఎదురెదురుగా ఇరుక్కుపోయే రోడ్డు అలాగే ఉండాలని ఎవరూ కోరరు. మేం అభివృద్ధికి అడ్డం కాదు. మేం అడిగేది ఒక్కటే. ఊరిని మార్చేటప్పుడు ఊరిని అడగాలి కదా? అసలు ఊరంటే ఎవరు?

ఆఫీసు లెక్కలో ఊరంటే కాగితం ఉన్నవాళ్లు. ఇంటి పన్ను రసీదు ఉన్నవాడికి నోటీసు వస్తుంది. రిజిస్టరు దస్తావేజు ఉన్నవాడికి నష్టపరిహారం వస్తుంది. మరి తోపుడు బండి వాడు? గంపలో ఆకుకూర తెచ్చుకుని చెట్టు కింద కూర్చునే ముసలమ్మ? అద్దె కొట్లో పంక్చర్లు వేసే కుర్రాడు? కాయలు ఏరి గ్రేడు కట్టే ఆడకూలీలు, హమాలీలు, ట్రాలీ ఆటో నడిపేవాళ్లు? పొద్దున్నే ఊరిని లేపేది వీళ్లు. గీత కింద పడేదీ ముందు వీళ్లే. నోటీసు అందనిదీ వీళ్లకే.

ఇంకొకరున్నారు. పక్క పల్లె రైతు. అతని ఓటు ఆ పల్లెలో. అతని గ్రామసభ ఆ పల్లెలో. అతని బేరం మాత్రం మండల కేంద్రంలో. మార్కెట్టును రెండు మైళ్లు అవతలికి నెడితే అదనపు కిరాయి అతని జేబులోంచి పోతుంది. ఏ గ్రామసభలో నోరు విప్పాలి అతను? సంత ఊరు ఆ ఊరి వాళ్లది మాత్రమే కాదు. దాని మీద బతికే పల్లెలన్నిటిదీ. ఈ చిన్న సంగతి ఏ ప్లానులోనూ కనపడదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2013 భూసేకరణ చట్టం సొంత భూమి లేకపోయినా మూడేళ్లుగా అక్కడ పని చేసుకుంటూ ఆ ఆదాయం మీదే ప్రధానంగా బతికే కుటుంబాన్ని కూడా ‘బాధిత కుటుంబం’ అనే అంటుంది. మంచి మాట. కానీ ఆ చట్టం కదలాలంటే సర్కారు భూమి సేకరించాలి. రోడ్డు మార్జిన్ ఎటూ సర్కారుదే కాబట్టి సేకరణ ఉండదు. ‘ఆక్రమణ తొలగింపు’ ఉంటుంది. ఒక్క మాట మారింది, మనిషి బాధితుడి నుంచి నేరస్తుడయ్యాడు!

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. లేపాలంటే 30 రోజుల నోటీసివ్వాలి. పట్టణ కమిటీలో నూటికి 40 మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఇదీ మంచి చట్టమే. అయితే దాన్ని రాసింది నగరాలను, మున్సిపాలిటీలను, నగర పంచాయతీలను దృష్టిలో పెట్టుకుని. ఊరు పట్నంలా పెరిగింది, హోదా మాత్రం పంచాయతీదే. ఆ సందులో పడి నలిగేది తోపుడు బండి. సందు పూడ్చడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. అవే రక్షణలు మండల కేంద్రాలకూ వర్తిస్తాయని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవచ్చు.

ఇక అడగడం ఎలా జరుగుతుందో చూద్దాం. ఈ ప్రాంతం మరిచిపోని ఉదాహరణ ఉంది. 2022 జనవరి చివర్లో కొత్త జిల్లాల ముసాయిదా వచ్చింది. అభ్యంతరాలకు 30 రోజులు గడువు. రాతపూర్వకంగా కలెక్టరుకు ఇవ్వాలి. అప్పుడు ఇక్కడి రైతు ఏం చేస్తుంటాడు? తోటలు పూత మీద ఉంటాయి, మందు కొట్టుకుంటుంటాడు. నూజివీడును ఏలూరులో కలపొద్దని నూజివీడులో ఆందోళనలు జరిగాయి. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేశాయి. నూజివీడు ఏలూరు జిల్లాలోకి, విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాలోకి పోయాయి. ఒకే మామిడి సీమ రెండు కలెక్టరాఫీసుల కిందికి వెళ్లింది. విస్సన్నపేట వాళ్లకు నూజివీడు డివిజన్ పోయి తిరువూరు డివిజన్ వచ్చింది. దీనివల్ల కొందరికి మేలే జరిగి ఉండొచ్చు. మా ప్రశ్న అది కాదు. వచ్చిన అభ్యంతరాల్లో ఏది ఒప్పుకున్నారు, ఏది కాదన్నారు, ఎందుకు కాదన్నారు? అర్జీ పెట్టినవాడి చేతికి ఆ జవాబు రావాలి కదా!

అడిగే చోటు తప్పితే ఏమవుతుందో లగచర్ల చెప్పింది. 2024 నవంబరు 11న వికారాబాద్ జిల్లాలో ఫార్మా భూముల కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. సభాస్థలి ఊరికి దూరంగా, రైతులు ఊళ్లో. అధికారులు అక్కడికి వెళ్లాక కలెక్టరు మీదే దాడి జరిగింది. దాడిని ఎవరూ సమర్థించరు, మేమూ సమర్థించం. కానీ కేసులు, అరెస్టులు అన్నీ అయ్యాక అదే నెల 29న ప్రభుత్వం ఆ నోటిఫికేషన్ను వెనక్కి తీసుకుంది. ఆ పని ముందే ఊళ్లో కూర్చుని మాట్లాడి చేసి ఉంటే ఎంత బాగుండేది!

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. లండన్ నడిబొడ్డున కోవెంట్ గార్డెన్ అనే పాత పండ్లు, కూరగాయల మార్కెట్టు ఉండేది. దాని చుట్టుపక్కలంతా పడగొట్టి కొత్తగా కట్టాలని అక్కడి నగర పాలకులు ప్లాను వేశారు. 1971లో బహిరంగ విచారణ జరిగింది. అక్కడ కాపురముండే జనం పట్టు వదల్లేదు. 1973లో ప్రభుత్వం సుమారు 250 భవనాలను రక్షిత కట్టడాలుగా ప్రకటించడంతో ప్లాను మూలపడింది. గోడలు దక్కాయి. కానీ 1974లో మార్కెట్టు మాత్రం నది అవతలికి పోయింది. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. నిలబడితే గీత చెరుగుతుంది. గోడ కోసమే నిలబడితే గోడే మిగులుతుంది, బేరం పోతుంది.

అభిప్రాయం తీసుకుని దాచిపెట్టడం కూడా మనకు అనుభవమే. 2010లో శ్రీకృష్ణ కమిటీకి లక్షకు పైగా వినతులు వెళ్లాయి. నివేదికలో ఎనిమిదో అధ్యాయం మాత్రం సీల్డు కవరులోకి పోయింది. 2011 మార్చిలో హైకోర్టు తీర్పు ఇచ్చాక గాని అందులో ఏముందో జనానికి తెలియలేదు. అంత పెద్ద విషయంలోనే అలా చేసినవాళ్లు సంత ఊరి విషయంలో అడగకుండానే జవాబు చెబుతారా?

అందుకే సంత ఊళ్ల తరఫున ఈ డిమాండ్లు పెడుతున్నాం. టెండరు పిలవక ముందే రెండు రకాల ప్లాన్లు గీసి చూపించాలి. ఒక్కటే చూపించి ఔనా కాదా అనడం అడగడం కాదు. నక్షా తెలుగులో ఉండాలి. సర్వే నంబర్లతో పాటు గుడి, బడి, చెరువు, బస్టాండు గుర్తులతో పంచాయతీ గోడ మీదా, బస్టాండులోనూ అంటించాలి. సెంటర్లో బతికే ప్రతి మనిషినీ, యజమాని అయినా కాకపోయినా, ముందు లెక్క రాయాలి. పూత మీదా, కోతల్లోనూ సభలు పెట్టకూడదు. ఎస్సీ కాలనీలో, తండాలో, ఆడవాళ్లతో విడిగా కూర్చోవాలి. చుట్టుపక్కల పల్లెల గ్రామసభల్లోనూ ఆ ప్లానును చదివి వినిపించాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికి ఒక నంబరు, ఆ నంబరుకు రాతపూర్వకంగా ఒక జవాబు, ఆ జవాబులన్నీ చదవడానికి రెండో సభ ఉండాలి.

ఇంత పని ఎవరు చేస్తారని ఆఫీసర్లు అనవచ్చు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టించారు. అంటే తలుచుకుంటే పెట్టగలరు. తలుచుకోవడమే కావాలి.

ఆ తలపు పుట్టించాల్సింది మనమే. గ్రామసభకు వెళ్లండి. పక్కనున్న బండి వాళ్లనూ, కూలికి పోయే ఆడవాళ్లనూ వెంట తీసుకెళ్లండి. తీర్మానం బిగ్గరగా చదివి వినిపించాకే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాధానం ఇచ్చి తీరాలి. సర్కారు మనకు 30 రోజుల గడువు పెట్టినప్పుడు మనమూ సర్కారుకు 30 రోజుల గడువు పెట్టగలం!