కెమేరా బ్యాటరీ: కొనుటలో వివేకము

మన పాఠశాలకు గల కేనన్ కెమేరా ఇంకను చెడలేదు. దానికి ప్రాణమువంటి బ్యాటరీ మాత్రము ముసలిదైనది. రాత్రియంతయు ఛార్జరులో నుంచినను పట్టుమని పది చిత్రములు తీయనీయదు. క్రొత్తది కొనవలెనను ప్రస్తావన తల్లిదండ్రుల సమావేశమున రాగా రెండు పక్షములేర్పడినవి. కెమేరా కంపెనీ ముద్ర గలదే కొనవలెను, లేనిచో మానవలెనని కొందరు. బ్యాటరీ ఏదైనను బ్యాటరీయే గదా, చౌకైనది తెండని మరికొందరు. ఈ రెండును సరికావని మా యభిప్రాయము.

ఇంత చిన్న వస్తువునకు ఇంత చర్చ యేల యని యడుగవచ్చును. ఈ కెమేరా మనకు వినోద వస్తువు కాదు. రామయ్యపట్నము సముద్రపు కోతకు లోనగుచున్న యూరు. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటిన నాటి భయమును పెద్దలు మరువలేదు. తుపాను లేని యేట సైతము సముద్రము ఊరక యుండుట లేదు. మన విద్యార్థులు ఒకేచోట నిలిచి ఏటేట తీయుచున్న తీరపు చిత్రములే మన యూరి చరిత్ర పుస్తకము.

గత వర్షాకాలమున ఒక యవ్వ మమ్ములను పిలిచి, "మేష్టారూ, గోడ పడిపోకముందే ఒక్క పొటో తీయండి బాబూ. మావోడు కేరళలో ఉన్నాడు, సూసుకుంటాడు" అనినది. పిల్లలతో కూడ పోయితిమి. కెమేరా తెరచినంతనే ఆరిపోయినది. దానిలోనిది సంతలో తక్కువ ధరకు మేమే కొనిన పేరులేని బ్యాటరీ. కొన్నాళ్లకు మరల పోవునప్పటికి అచట అరుగును లేదు, గోడయు లేదు. ఆ బ్యాటరీని ఎంచినది మేమే గనుక తప్పును మాదే.

అంతమాత్రమున ఇతర సంస్థల బ్యాటరీలన్నియు చెడ్డవనరాదు. అంగడిలో మూడు తెగలున్నవి. కెమేరా చేసినవారే చేయించినవి మొదటివి. ఇతర సంస్థలు తమ పేరు తామే వ్రాసికొని, ఆ కెమేరాకు సరిపడునట్లు చేసినవి రెండవవి. ఒకరు చేసి మరియొకరి పేరు అంటించినవి మూడవవి. రెండవ తెగవారు తమ సరకునకు తాము పూచీపడుచున్నారు. దానిని పరీక్షించి కొనుట తప్పు కాదు. మూడవది అబద్ధము, అది ఎంత చౌకైనను వలదు.

ఇక పరీక్ష ఎట్లు? మన కెమేరాకు వలసిన బ్యాటరీ గుర్తు ఎల్‌పి-ఇ10. అసలు దానిపై 7.4 వోల్టులు, 860 మిల్లీ ఆంపియర్ గంటలు అని యుండును. వోల్టులను ఆంపియర్ గంటలతో, అనగా 7.4ను 0.86తో గుణించినచో సుమారు 6.4 వాట్ గంటలు వచ్చును. క్రొత్తదానిపై వ్రాసిన అంకెలును ఇట్లే పొసగవలెను. అదే పరిమాణమున రెట్టింపు శక్తి కలదని వ్రాసినచో అనుమానింపవలెను. కుండ పెరుగనిదే నీరెట్లు హెచ్చును?

సోనీ సంస్థ 1991లో తొలిసారి విపణికి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ కొంచెము చోటులో చాల శక్తిని ఇముడ్చుకొనును. అందుచేతనే లోపల రక్షణ పరికరము లేనిచో వేడెక్కును, ఉబ్బును, ఒక్కొక్కప్పుడు మండును. కావున భారతీయ ప్రమాణముల బ్యూరో ముద్రయు, ఐఎస్ 16046 అను సంఖ్యయు, ఆర్ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు ఉన్నవేమో చూడవలెను. కొన్ని కెమేరాలు ఇతర సంస్థల బ్యాటరీని గుర్తింపవు. మరికొన్ని మిగిలిన శక్తిని సరిగా చూపవు. కావున బరంపురమునకు గాని ఇచ్ఛాపురమునకు గాని పోవునప్పుడు కెమేరాను వెంట గొనిపోయి, అంగడిలోనే అమర్చి చూచి, రసీదు తీసికొనవలెను.

తెచ్చిన పిదప దానిపై తేదీ వ్రాయుడు. నిండుగా ఛార్జి చేసి, ఎన్ని చిత్రములు వచ్చినవో పుస్తకమున గుర్తించుడు. ఆరు మాసములకొకసారి ఇట్లే చేసినచో దాని సత్తువ తెలియును. చాల దినములు వాడనిచో సగము ఛార్జితో, ఉప్పుగాలి తగులని పొడి డబ్బాలో నుంచుడు. ఉబ్బినదానిని గ్రుచ్చరాదు, మరల ఛార్జి చేయరాదు, సముద్రమున పారవేయరాదు. పాత బ్యాటరీలు సేకరించువారికే ఈయవలెను.

ఇట్లు పరీక్షకు నిలిచిన ఇతర సంస్థ బ్యాటరీలు రెండు కొందమని మా సలహా. ఒకటి కెమేరాలో, ఒకటి సంచిలో నున్నచో మరియొక యవ్వ యెదుట తలవంచుకొనవలసిన పని యుండదు.

విద్యార్థులారా! మరియొక మాట. 1936 ఏప్రిల్ 1న ఈ ప్రాంతము ఒరిస్సాలో చేరినది మొదలు మన తెలుగు బడులకు వలసిన వస్తువులెన్నియో పొరుగునుండియే రావలసి వచ్చుచున్నవి. పొరుగున చదివి వచ్చినవారము మేమును గదా! ఎచటనుండి వచ్చినదని మాత్రమే అడుగక, చెప్పినంత పని చేయునా యని చూడుడు. వస్తువునకైనను మనుష్యునకైనను అదియే తగిన పరీక్ష.