సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులా?

మొన్న రేపల్లె నుంచి తెనాలికి రైల్లో వస్తున్నాను. పక్క సీట్లో ఆవిడ కళ్లొత్తుకుంటోంది. కూతురు డిగ్రీ పాసయింది, ఉద్యోగమూ వచ్చింది. సర్టిఫికెట్ల కోసం వెళ్తే, ‘గవర్నమెంటు నుంచి ఫీజు రాలేదు, మీరు కట్టి తీసుకెళ్లండి’ అన్నారట కాలేజీలో. “ఈ గాజులు అమ్మేయమంటారా అండీ?” అని నన్నే అడిగింది. బాపట్లలో మా ఆడపడుచు ఇంట్లోనూ ఇదే గొడవ.

ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు 2021లో తల్లుల ఖాతాల్లో వేయడం మొదలెట్టారు. దాన్ని కాలేజీకి కట్టే పూచీ మన మీద పడింది. 2024లో ప్రభుత్వం మారాక, నేరుగా కాలేజీలకే ఇస్తామన్నారు. దారి మారినా పాత బకాయిల పీడ వదల్లేదు.

జీతాలివ్వడానికి కాలేజీలకూ డబ్బు కావాలి, నిజమే. కానీ ఆ బాకీ ప్రభుత్వానికీ వాళ్లకీ మధ్యది. ఆడపిల్ల ఉద్యోగం ఎందుకు ఆగాలి? మన ఊళ్ల డిగ్రీ కాలేజీలకు పట్టా ఇచ్చేది నాగార్జున విశ్వవిద్యాలయం. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసుకుని తిరిగిచ్చేయాలి, దగ్గరుంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

ఈ సంగతి ఆవిడకెవరూ చెప్పలేదు. గాజులు తర్వాత, ముందు అర్జీ రాయండి అన్నాను. ప్రిన్సిపాల్‌కొకటి, యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కొకటి, నకలు మన దగ్గర. అడిగితే పిల్లని సాధిస్తారేమోనని ఊరుకునే తల్లులం మనం. ఒక్కరం అడగాలంటే భయమే. పదిమందిమి కలిసి సంతకాలు పెడితే?

తెనాలిలో దిగేలోగా మొదటి అర్జీ రాసేశాం.