తపాలా బిళ్ళల తిరునాళ్ళు



తిరునాళ్ళంటే మీకు రంగులరాట్నమూ, జీళ్ళూ, బొమ్మల కొట్లూ గుర్తుకు వస్తాయి. అయితే, రెండు వేళ్ళ వెడల్పు లేని కాగితపు ముక్కలను చూడటానికి దేశదేశాల వాళ్ళు వచ్చి చేరే తిరునాళ్ళు కూడా ఉన్నాయి. అవే అంతర్జాతీయ తపాలా బిళ్ళల ప్రదర్శనలు. మన దేశంలో అవి ఎలా వచ్చాయో, అక్కడ దేనికి పతకాలు ఇస్తారో ఈ నెల చెప్పుకుందాం.

ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి. 1854 అక్టోబరు 1వ తేదీన, నాటి కంపెనీ పాలనలో ఉన్న ప్రాంతమంతటా చెల్లే తపాలా బిళ్ళలు వాడుకలోకి వచ్చాయి. అంతకు పూర్వం ఉత్తరం ఎంత దూరం పోతే అంత రుసుము. కొత్త పద్ధతిలో పావు తులం బరువు దాటని ఉత్తరానికి అర్ధణా చాలు. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. పక్క ఊరికి వెళ్ళినా అర్ధణాయే, వెయ్యి మైళ్ళు వెళ్ళినా అర్ధణాయే!

ఆ ఏడాది వచ్చిన బిళ్ళలలో నాలుగణాల బిళ్ళ కథ చిత్రమైనది. దాని అంచు ఎరుపు, లోపల విక్టోరియా రాణి తల నీలం. ఒక రంగు వేసిన కాగితాన్నే మళ్ళీ పెట్టి రెండో రంగు అచ్చు వేయాలి. అలా పెట్టేటప్పుడు కాగితం అటుది ఇటు అయింది. ఇంకేముంది? రాణిగారు తలకిందులు! అలాంటి బిళ్ళలు నేడు బహు కొద్ది. అందుకే వాటి ధర చెబితే గుండె ఝల్లుమంటుంది.

ఆ తొలి బిళ్ళలకు నూరేళ్ళు నిండిన సందర్భంలో, 1954లో ఢిల్లీ నగరంలో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. శతాబ్ది గుర్తుగా వేసిన అణా బిళ్ళ మీద ఉత్తరాల సంచీతో పరుగెత్తే తపాలా మనిషీ, ఒంటే, ఎద్దుబండీ ఉన్నాయి. నూరేళ్ళనాడు ఉత్తరం వచ్చిన దారి అంతా ఆ చిన్న బొమ్మలో కనబడుతుంది. ఆ తరువాత 1973, 1980, 1989, 1997 సంవత్సరాలలో కూడా ఢిల్లీలోనే అంతర్జాతీయ ప్రదర్శనలు జరిగాయి.

2011 ఫిబ్రవరి 12 నుంచి 18 వరకు జరిగిన ప్రదర్శన పేరు ‘ఇండిపెక్స్’. మొదటి రోజున గాంధీజీ బొమ్మతో ఒక నూరు రూపాయల బిళ్ళ విడుదలయింది. అది కాగితం మీద కాదు, ఖద్దరు గుడ్డ మీద అచ్చయింది! ఏళ్ళ తరబడి రాట్నం తిప్పిన మనిషికి అంతకంటె తగిన బిళ్ళ ఏముంటుంది?

మరి ఆ ప్రదర్శనను 18వ తేదీన ముగించటంలో కూడా ఒక విశేషం ఉంది. సరిగ్గా నూరేళ్ళ క్రితం, 1911 ఫిబ్రవరి 18న, అలహాబాదులో (నేటి ప్రయాగ్‌రాజ్) హెన్రీ పెకే అనే ఫ్రెంచి యువకుడు సుమారు 6,500 ఉత్తరాలను చిన్న విమానంలో పెట్టుకుని, యమున దాటి నైనీలో దిగాడు. దూరం సుమారు 10 కిలోమీటర్లు. పట్టిన కాలం 13 నిమిషాలు. ప్రపంచంలో అధికారికంగా జరిగిన తొలి విమాన తపాలా అదే! నైనీ నుంచి ఆ ఉత్తరాలు మామూలు తపాలాలోనే తమ తమ ఊళ్ళకు వెళ్ళాయి.

ఆ ఉత్తరాల మీద అంటించినవి అప్పుడు అందరూ వాడే బిళ్ళలే. మరి వాటి గొప్ప ఎక్కడుంది? పక్కన కొట్టిన విమానం బొమ్మ ముద్రలో ఉంది. ఎవరైనా ముచ్చటపడి బిళ్ళను మాత్రం ఊడదీసుకుని కవరును పారవేసి ఉంటే, మిగిలేది ఒక మామూలు బిళ్ళ. తొలి విమాన తపాలాకు సాక్ష్యం చెత్తబుట్టలోకి పోయినట్టే!

ఇక పతకాల సంగతి. బాగా డబ్బున్నవాడు ఖరీదైన బిళ్ళలు కొని తెచ్చి, స్వర్ణ పతకం పట్టుకుపోతాడని అనుకుంటున్నారా? కాదు. 1926లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఇందుకు నియమాలు ఏర్పరచింది. దేశదేశాల బిళ్ళలను సంప్రదాయ పద్ధతిలో చూపే పెద్దల తరగతిలో నూటికి మార్కులు ఇలా వేస్తారు: ఎంచుకున్న విషయపు ప్రాముఖ్యానికీ, దాన్ని వరుసగా నడిపించిన తీరుకూ 30, జ్ఞానానికీ, స్వయంగా చేసిన పరిశోధనకూ 35, బిళ్ళలు చిరగక, మాయక ఉన్నందుకు 10, అరుదైనవి అయినందుకు 20, అందంగా అమర్చినందుకు 5. చూశారా! డబ్బుతో అరుదైనవి కొనవచ్చు, కాని ఆ 35 మార్కులు ఏ దుకాణంలోనూ దొరకవు. ఇన్నేళ్ళు పేపర్లు దిద్దిన నాకు ఈ మార్కుల లెక్క ఎంతో నచ్చింది.

ఇప్పుడు మీకొక పని. ఇంట్లో ట్రంకు పెట్టెలోనో, అటక మీదో తాతయ్య నాటి ఉత్తరం ఒకటి వెతకండి. పెద్దల అనుమతితోనే సుమా! దాన్ని ఇలా ప్రశ్నించండి: బిళ్ళ వెల ఎంత? బొమ్మ ఎవరిది? ముద్రలో ఏ ఊరు, ఏ తేదీ ఉన్నాయి? వెనక వైపు ఇంకో ముద్ర ఉంటే, ఉత్తరం చేరటానికి ఎన్ని రోజులు పట్టింది? ఎవరు ఎవరికి, ఎందుకు రాశారు? జవాబులను ఒక తెల్ల కాగితం మీద రాసి, కవరుతో పాటు దాచండి.

పెద్దలకు కూడా ఒక మాట. ఇప్పుడు ఇళ్ళకు ఉత్తరాలు రావటం తగ్గిపోయింది. ఉన్న పాతవాటిని చిత్తు కాగితాల వాడికి వేసేముందు ఒక్కసారి పిల్లల చేతికివ్వండి. ఆ ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారు మీరే. మీరు చెప్పకపోతే, ఆ కవరు మీద బిళ్ళ ఉంటుంది, ముద్ర ఉంటుంది. కథ మాత్రం ఉండదు.

పిల్లలూ, ఒక్కటి మరువకండి. కవరు మీది బిళ్ళను మాత్రం ఊడదీయవద్దు!