తల్లి మాను చుట్టూ

ఇరవై యేళ్ళుగా పిల్లలకు అరణ్యపర్వం పాఠం చెబుతున్నాను గాని, అడవిలో ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు. మొన్న వేసవి సెలవుల్లో కాలిఫోర్నియా వెళితే, మా తమ్ముడు డేరా, దుప్పట్లూ కారులో పడేసి, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరంగా తీసుకుపోయి నాకా యోగం పట్టించాడు.

మేము దిగింది హంబోల్ట్ రెడ్‌వుడ్స్ పార్కు. 1921 నుంచీ ఆ రాష్ట్ర ప్రభుత్వం కాపాడుతూ వస్తున్న అడవి అది. డేరా పక్కనే ఒక ఇనపపెట్టె వుంది.

"యిదెందుకురా?" అన్నాను.

"ఎలుగుబంట్లకు వాసన తగలకుండా, అన్నయ్యా."

మా మరదలు పులిహోర, ఆవకాయ సీసా, ఆఖరుకు నా సబ్బు కూడా అందులో పెట్టి గడియ వేసింది. ఆవకాయకున్న పాటి రక్షణ మాకు లేదు!

తెల్లవారి చూద్దును గదా, మూడువందల అడుగులు దాటిన చెట్లు! సముద్రం మీంచి వచ్చిన పొగమంచు కొమ్మల్లో చిక్కి చినుకులై రాలుతోంది. వానల్లేని వేసవిలో వాటికదే ఆధారమట. ఈ జాతిలో రెండు వేల యేళ్ళు బతికినవి వున్నాయి. అంటే మన శాతవాహనుల నాటివి! ఇంతా చేసి వేళ్ళు పది పన్నెండు అడుగులకు మించి లోతుకు పోవు. పక్కచెట్ల వేళ్ళతో పెనవేసుకుని నిలబడతాయి.

ఒకప్పుడు ఇరవై లక్షల ఎకరాలుండేదట. నరకగా నరకగా పాత అడవి నూటికి అయిదు వంతులు మిగిలింది. 1918లో కొందరు పెద్దలు సంఘం పెట్టి, చందాలు పోగుచేసి అడవిని కొనబట్టి ఆ మాత్రమైనా దక్కింది.

ఒకచోట చెట్లు గుండ్రంగా నిలబడి వున్నాయి. నడుమ అంతా ఖాళీ.

"మధ్యలో తల్లిచెట్టు వుండేది. అది పోతే మొదట్లోంచి లేచిన పిలకలివి," అని తమ్ముడు ఆగిపోయాడు.

రెండేళ్ళ క్రితం అమ్మ పోయినప్పుడు వాడు రాలేకపోయాడు. ఆ కోపంతో అప్పట్నుంచీ ఫోనులో పొడిపొడిగానే మాట్లాడేవాణ్ణి.

"అన్నయ్యా, అమ్మ చివర్లో నన్ను అడిగిందా?"

"రోజూ అడిగిందిరా."

ఆ రెండు ముక్కలు చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఎనిమిది వేల మైళ్ళు దాటి రావలసీ వచ్చింది.

ఆ రాత్రి ఎలుగుబంటి రాలేదు. ఆవకాయ సీసా మేమే ఖాళీ చేశాం.